టీవీలో పట్టిన గ్రహణం

ప్లగ్గు సుగుణమ్మగారి చేతిలో ఉంది.

గోడలో ఉండాల్సిన ప్లగ్గు వియ్యపురాలి గుప్పిట్లో ఉంటే ఇంక ఆ ఇంట్లో ఏం వెలుగుతుంది? టీవీ ఆరింది. దాని ఎదురుగా కూర్చున్న బంగారరాజు మొహం ఆరింది. వంటింట్లో పొయ్యి మాత్రం ఎవరూ ఆర్పలేదు కాబట్టి ఉప్మా అడుగంటుతోంది.

"వదినగారూ, ముందు అమ్మాయిని గదిలోకి తీసుకెళ్ళండి," అన్నారు సుగుణమ్మగారు. "కిటికీకి దుప్పటి కట్టండి. వెల్లకిలా పడుకోమనండి. గోక్కోకూడదు, కాళ్ళు ముడవకూడదు."

గంగాభవాని మారుమాటాడకుండా కూతురి రెక్క పట్టుకుంది. ఎనిమిదో నెల కడుపుతో రమ్యశ్రీ కుర్చీలోంచి లేవడమే ఓ ఊరేగింపు. లేస్తూ లేస్తూ తండ్రికేసి తిరిగి మూడు వేళ్ళు చూపించింది. మూడు పరుగులు ముందున్నాం, బెంగపడకండని.

సుగుణమ్మగారు ఆ వేళ్ళని చూసేరు. కడుపుతో ఉన్న పిల్ల గ్రహణం వేళ మెటికలు విరుస్తోందనుకున్నారు.

జరిగింది ఇంతే. మురమళ్ళ నుంచి ఆవిడ కోడల్ని చూసిపోదామని సున్నుండల డబ్బాతో పొద్దున్నే ఆటోలో వచ్చేరు. వచ్చేసరికి తండ్రీ కూతుళ్ళు టీవీ ముందు అతుక్కుని ఉన్నారు. టీవీలో మనుషులు కర్రలు పట్టుకుని బంతులు కొడుతున్నారు. ఉన్నట్టుండి కెమెరా ఆకాశంలోకి తిరిగింది. అక్కడ చంద్రుడు. ఓ పక్క ఎవరో కొరికి వదిలేసినట్టున్నాడు.

చంద్రుడికేమైందండీ అని ఆవిడ అడిగేరు. ఆటలో గెలుస్తున్న ఆనందంలో బంగారరాజు, గ్రహణమండి చెల్లెమ్మగారూ, అమెరికాలో ఇప్పుడు రాత్రి కదండీ అని, తనే కష్టపడి పట్టించినట్టు గర్వంగా చెప్పేడు.

అప్పుడు పీకేరావిడ ప్లగ్గు.

ఆట పేరు బేస్‌బాల్. ఉప్పలగుప్తంలో దాన్ని బేసిబాలంటారు. సరైనవాడెవడూ చూడడు కాబట్టి బేసి. ఊరు మొత్తానికి చూసేవాడు రొయ్యల చెరువుల బంగారరాజు ఒక్కడే. బహ్రెయిన్లో అమెరికా వాళ్ళ మెస్సులో గిన్నెలు తోమే రోజుల్లో అంటుకుంది. గిన్నెల మసి వదిలింది గాని ఇది వదల్లేదు. అక్కడి ముసలి వంటమేస్త్రి బోస్టన్ వాడు. అతగాడు ఇచ్చిన టోపీ మీద 'బి' అని ఒక అక్షరం ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు అది బంగారరాజు బి అనుకుంటారు. గంగాభవాని మాత్రం అది బుర్రలేకపోవడానికి గుర్తని చెబుతుంది.

బోస్టన్ జట్టుని ఎర్ర మేజోళ్ళంటారు. కాళ్ళకి చెప్పులే సరిగ్గా వేసుకోని మనిషి మేజోళ్ళంటే పడిచస్తాడు. ఆ మేజోళ్ళు కప్పు గెలిచి ఎనభై ఆరేళ్ళయింది. ఈవేళ గెలిస్తే గెలిచినట్టు.

ఆ గెలుపుకీ బంగారరాజుకీ మధ్య ఇప్పుడు ఒక్క ప్లగ్గు ఉంది.

గదిలోంచి వచ్చిన గంగాభవాని పొయ్యి ఆర్పి, అన్నం గిన్నె మీదా పచ్చడి జాడీల మీదా దర్భపోచలు వేసింది. తర్వాత వదినగారి పక్కకి చేరి, ఐనవిల్లి సిద్ధాంతిగారికి ఫోను చేద్దామంది. రమ్యశ్రీకి ముహూర్తం పెట్టింది ఆయనే. సీమంతం కూడా ఆయన చేతి మీదే జరిగింది.

ఆయన పంచాంగం చూడకుండానే చెప్పేసేరు. ఈ గ్రహణం మన దేశంలో కనబడదు, కనబడని గ్రహణానికి పట్టింపు లేదు, హాయిగా టిఫిన్లు చెయ్యండి అన్నారు. ఆయన గొంతు గట్టిది. రిసీవరు గంగాభవాని చెవి దగ్గరున్నా మాట గుమ్మం దాకా వినబడింది. బంగారరాజు ప్లగ్గు కోసం చెయ్యి చాచేడు.

సుగుణమ్మగారు ప్లగ్గు ఇవ్వలేదు. రిసీవరు పుచ్చుకున్నారు.

"కనబడదంటున్నారు. కనబడిందండి. ఈ కళ్ళతో నేను చూసేను. మా కోడలూ చూసింది."

ఐనవిల్లిలో పంచాంగం తిరగేసిన చప్పుడైంది. ఏ శాస్త్రంలోనూ టీవీ లేదు మరి. ఆఖరికి సిద్ధాంతిగారు గొంతు సవరించుకుని ఒక్కటే అడిగేరు. "అది లైవా అండీ, రికార్డింగా?"

రికార్డింగైతే అది ఎప్పుడో విడిచిపోయిన గ్రహణం, దోషం లేదని ఆయనే విడమరిచేరు. లైవయితే మాత్రం ఆలోచించాలన్నారు.

ఇద్దరాడాళ్ళూ బంగారరాజు కేసి తిరిగేరు. గంగాభవాని వదినగారి వెనక నుంచి కళ్ళు చికిలించి, తల అడ్డంగా ఊపి, పెదాలతోనే 'రి' అని అందించింది. ఒక్క మాట. పాత ఆటండీ, ఎప్పటిదో వేస్తున్నారండీ అంటే చాలు. పిల్ల హాల్లోకి వస్తుంది, ప్లగ్గు గోడలోకి వెళుతుంది.

బంగారరాజు అబద్ధాలాడని మనిషేం కాదు. మేత కంపెనీ వాళ్ళతో ఆడేడు, పెళ్ళాంతో ఆడేడు, బహ్రెయిన్ మెస్సులో కుండ పగిలితే పిల్లి మీద పెట్టేడు. మేజోళ్ళ మీద మాత్రం ఆడలేదు. ఎనభై ఆరేళ్ళకి ఒక్కసారి ఉడుకుడుకుగా వచ్చిన పొద్దుని పట్టుకుని అది చద్దిదని చెప్పడానికి నోరు రాలేదు. పైగా అలా అంటే అక్కడ వాళ్ళు ఓడిపోతారేమోనని భయం.

"లైవండీ," అన్నాడు.

మా గురువుగార్ని కనుక్కుని చెబుతానని సిద్ధాంతిగారు ఫోను పెట్టేసేరు.

సుగుణమ్మగారు అరవలేదు. అరిచే మనిషి కాదావిడ. కుర్చీ తెప్పించుకుని గది తలుపుకి అడ్డంగా వేసుకుని కూర్చుని, మెల్లగా, మర్యాదగా, అండీలు తగ్గకుండా చెప్పేరు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్న మాట నిజమేనండి. కాని పుట్టబోయే పసిబిడ్డ పెదవి గురించి ఆలోచించని పుట్టింట్లో కాదండి. మా అబ్బాయి మురళీమోహన్ మస్కట్లో ఉండి, అమ్మా నువ్వు చూసుకో అన్నాడు. నేను చూసుకుంటాను. గ్రహణం విడవగానే స్నానం చేయించి అమ్మాయిని మురమళ్ళ తీసుకుపోతాను. ఆటోని ఉండమన్నాను.

"మా ఇంట్లోనూ టీవీ ఉందండి అన్నయ్యగారూ," అన్నారు చివర్లో. "దాంట్లో గ్రహణాలు రావు."

బంగారరాజు చెప్పుల కోసం చూసేడు. నాలుగిళ్ళవతల కేబుల్ వీరబాబు ఆఫీసుంది. అక్కడ టీవీ ఉంది.

"ఇంటి యజమాని గుమ్మం దాటితే, ఆ వెనకే నేనూ అమ్మాయీ దాటుతాం," అన్నారు సుగుణమ్మగారు, అటు చూడకుండానే.

చెప్పులు అక్కడే ఉండిపోయేయి. బంగారరాజు ఆరిపోయిన టీవీ ముందు కూర్చున్నాడు. నల్లటి గాజులో టోపీ పెట్టుకున్న తన బొమ్మే కనబడుతోంది. అదీ లైవే.

కళ్ళు మూసుకుంటే వాళ్ళంతా వచ్చేరు. మొదట జుట్టు భుజాల దాకా, గడ్డం గుండెల దాకా పెంచినవాడు. బంగారరాజు వాణ్ణి దీక్షస్వామి అంటాడు. ఈవేళ ఆట మొదలవుతూనే స్వామి బంతిని జనంలోకి కొట్టి, ఇల్లు వదిలి, ఊరు చుట్టి, మళ్ళీ ఇంటికే పరిగెత్తుకొచ్చేడు. ఈ ఆటలో దాన్ని హోమ్ రన్నంటారు, అదే గొప్ప. గల్ఫు వెళ్ళొచ్చినవాడికి అది వేరే చెప్పక్కర్లేదు. తర్వాత రామిరెజ్. ఇంట్లో వాడి పేరు రామిరెడ్డి. ఎడం చేతి వాటం భారీ మనిషి ఇంకొకడున్నాడు, అమెరికాలో వాణ్ణి బిగ్ పాపీ అంటారు. పొద్దున్నే పాపిష్టి పేరేంటని గంగాభవాని అడిగితే, ఆ పాపి కొడితే మన పాపాలు పోతాయే అన్నాడు బంగారరాజు. మడమ నరం తెగితే కుట్లు వేయించుకొచ్చి బంతులేసినవాడు ఒకడు. ఆ రోజు నెత్తురోడి వాడి మేజోడు నిజంగానే ఎర్రబడింది. జట్టు పేరు కోసం అంత పని చేసినవాడు ఇంకెక్కడున్నాడు?

వాళ్ళ మీద ఈ పిచ్చి ఎందుకని అందరూ అడుగుతారు. గెలుస్తారనా? గెలిచేవాళ్ళని ఎవడైనా ప్రేమిస్తాడు. బంగారరాజుకి చెరువులున్నాయి. రొయ్య పిల్లప్పట్నుంచీ బాగా తింటుంది, బాగా పెరుగుతుంది, రేపో ఎల్లుండో వల వేసి పట్టుబడి అనగా ఓ ఉదయం గట్టు పొడుగునా తేలిపోయి ఉంటుంది. తెల్లమచ్చ తెగులు. తొంభైనాలుగు, తొంభైఅయిదుల్లో కోనసీమ గట్ల మీద ఎంతమంది మగాళ్ళు కూర్చుని ఏడ్చేరో వాళ్ళకే తెలుసు. అప్పుడు బహ్రెయిన్ ముసలాయన మాటలు గుర్తొచ్చేయి. మా వాళ్ళు సీజనంతా బాగానే ఆడతారోయ్, చివరి వారంలో పోతారు అనేవాడు. ఎర్ర మేజోళ్ళకీ తెల్లమచ్చే ఉందని బంగారరాజుకి అర్థమైంది. ఆ రోజు నుంచి వాళ్ళు చుట్టాలయ్యేరు.

పోయినేడు ఇదే నెలలో న్యూయార్కు వాళ్ళ చేతిలో గెలిచే ఆట పోగొట్టుకున్నారు. బంగారరాజు అన్నం ముట్టలేదు. ఈ ఏడు అదే న్యూయార్కు వాళ్ళతో వరసగా మూడు ఓడి, ఇక తెల్లమచ్చ పడిందనుకున్న చెరువులోంచి లేచి, వరసగా నాలుగు గెలిచేరు. అలా మునిగి ఇంతకు ముందెవడూ లేవలేదు. ఇప్పుడు కప్పు కోసం వేరే జట్టుతో ఆట.

తెల్లమచ్చ పడకుండా ఒక్క పంట. ఒక్కటంటే ఒక్కటి, ఈ కళ్ళతో చూడాలి. వాళ్ళు గెలిచేరని రేపు పేపర్లో చదివితే అది పక్కవాడి చెరువు పట్టుబడి గురించి విన్నట్టు ఉంటుంది.

గదిలోంచి రమ్యశ్రీ గొంతు వచ్చింది. "నాన్నా, ఎన్నో ఇన్నింగ్సు అయుంటుంది?"

"కదలొద్దమ్మా," అన్నాడు బంగారరాజు. గొంతు బొంగురుగా ఉంది.

గంగాభవాని ఆ గొంతు విన్నది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ఆటని ఆవిడ తిట్టని తిట్టు లేదు. టోపీని రెండుసార్లు నూతిలో పారేసింది. భర్తనీ, మూసిన గది తలుపునీ, బయట ఆటోనీ వరసగా చూసింది. వదినగారి పక్కన చాప మీద చతికిలబడి, పైటతో మొహం తుడుచుకుంది.

"వదినగారూ, నాకో సందేహమండి."

"చెప్పండి."

"విడుపు స్నానం ఎప్పుడు చేయిస్తామండి అమ్మాయికి?"

"విడిచేకండి."

"విడిచినట్టు ఎలా తెలుస్తుందండి? మన పంచాంగంలో లేదాయె. డాబా ఎక్కి చూద్దామంటే పైన సూర్యుడున్నాడు. పట్టు చూసింది ఈ పెట్టెలో. విడుపు చూడాలన్నా ఈ పెట్టెలోనే కదండీ."

సుగుణమ్మగారు టీవీ కేసి చూసేరు. చేతిలో ప్లగ్గు కేసి చూసుకున్నారు.

విడుపు చూడకుండా వదిలేస్తే ఆ పట్టు అలాగే ఉండిపోతుందేమోనని నా భయమండి అని గంగాభవాని ఇంకాస్త నెమ్మదిగా అంది. అమ్మాయి గదిలోనే ఉంటుంది, తలుపు తియ్యం, చూడ్డం మనం చూద్దాం అంది.

సుగుణమ్మగారు మిగిలిన దర్భలు అడిగి పుచ్చుకున్నారు. తర్వాత లేచి వెళ్ళి, టీవీ మీద తన చేత్తో రెండు దర్భపోచలు అడ్డంగా పెట్టి, ప్లగ్గు గోడలో గుచ్చేరు.

"చంద్రుడి కోసమేనండి," అన్నారు.

"ఆయ్, చంద్రుడి కోసమేనండి," అన్నాడు బంగారరాజు.

బొమ్మ వచ్చింది. ఎనిమిదో ఇన్నింగ్సు. మూడు, సున్నా. ఏమీ పోలేదు. బంగారరాజుకి ఊపిరి కూడా అప్పుడే వచ్చింది.

చంద్రుడు మాత్రం వెంటనే రాలేదు. చంద్రుడు వచ్చేదాకా ఆట చూడక ఎవరికీ తప్పలేదు. సుగుణమ్మగారు మొదట కళ్ళు పక్కకి తిప్పుకుని కూర్చున్నారు. కాసేపటికి తిన్నగా చూసేరు. ఇంకాసేపటికి, మనవాళ్ళెవరండీ అని అడిగేరు. ఎర్ర మేజోళ్ళని చెప్పేడు బంగారరాజు. అవతలివాళ్ళకీ ఎర్రే ఉందిగా అన్నారావిడ. వాళ్ళు ఎర్ర పిట్టలండి, బూడిదరంగు చొక్కాలు మనవాళ్ళండి అని విడదీసి చెప్పేడు.

"గ్రహణంలో ఏంటండీ, ఆ నమలడం?" అన్నారు సుగుణమ్మగారు, పిట్టల జట్టులో ఒకణ్ణి చూపించి. "ఇంక గెలిచినట్టే."

మనవాళ్ళూ నములుతున్నారన్న సంగతి బంగారరాజు చెప్పలేదు.

అప్పుడు చూపించేరు చంద్రుణ్ణి. కొరికిన ముక్క కాదిప్పుడు. నిండా మునిగి, రాగి చెంబు తోమినట్టు ఎర్రగా ఉన్నాడు. సుగుణమ్మగారు చేతులు జోడించేరు. బంగారరాజు కూడా జోడించేడు. ఆకాశం సైతం ఎర్ర మేజోడు తొడుక్కుందని అతను చెంపలేసుకుంటే, అన్నయ్యగారికి ఇప్పటికి భక్తి కలిగిందని ఆవిడ సంతోషించేరు.

తొమ్మిదో ఇన్నింగ్సు. పిట్టలకి ఆఖరి అవకాశం. ముగ్గురు పోతే అయిపోయినట్టు.

మొదటివాడు కొట్టి బేసు మీదకి చేరిపోయేడు. బంగారరాజు టోపీ తీసి మోకాళ్ళ మధ్య పెట్టుకుని నొక్కేడు. తెల్లమచ్చ ఇలాగే మొదలవుతుంది. ముందు ఒక్క రొయ్య తేలుతుంది. తర్వాత వాడు కొట్టింది గాల్లోకి లేచింది, కింద మనవాడు కాచుకుని పట్టేడు.

"ఒకడు పోయేడే అమ్మాయ్," అని గట్టిగా వినబడింది.

బంగారరాజు తిరిగి చూసేడు. అన్నది అతను కాదు. గంగాభవానీ కాదు. సుగుణమ్మగారు కుర్చీ చివరికి జరిగి, మొహం గది తలుపు వైపు, కళ్ళు టీవీ వైపు పెట్టి ఉన్నారు.

ఆ తర్వాత వాడు మూడుసార్లు ఊపి మూడుసార్లూ గాలినే కొట్టేడు. రెండోవాడూ పోయేడని సుగుణమ్మగారు లోపలికి చెప్పేరు. లోపల మంచం కిర్రుమంది. కదలొద్దన్నానా అని ముగ్గురూ ఒక్కసారే అన్నారు.

ఇంకొక్కడు. బంగారరాజుకి అవతల ఆడుతున్నది ఎవరో, ఇవతల ఉన్నది ఎవరో తెలియడం లేదు. మెస్సులో ముసలాయన పక్కన నిలబడి ఉన్నట్టుంది. ఆయన ఇప్పుడు ఉన్నాడో లేడో తెలీదు. ఉంటే చూస్తుంటాడు.

బంతి పడింది. కొట్టేడు. నేల మీద గెంతుకుంటూ వచ్చి తిన్నగా బంతి వేసినవాడి చేతుల్లోకే వచ్చింది. వాడు కంగారుపడలేదు. మొదటి బేసు వైపు నాలుగడుగులు పరిగెత్తి, గుడిలో కొబ్బరిచిప్ప అందించినట్టు, అక్కడున్న మనవాడికి కింద నుంచి మెత్తగా అందించేడు.

అందింది.

బూడిదరంగు చొక్కాలన్నీ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడిపోయేరు. బంగారరాజు అరుద్దామని లేచి నిలబడ్డాడు. నోరు తెరిచేడు. అరుపు రాలేదు. ఎనభై ఆరేళ్ళది ఒక్కసారే రావాలంటే గొంతు చాలలేదు. కళ్ళలోంచి వచ్చింది. అరుపు గదిలోంచి వచ్చింది, వెల్లకిలా పడుకున్న పిల్ల పైకప్పు ఎగిరిపోయేలా అరిచింది. ఆ అరుపుకి బయట ఆటో అబ్బి ఏమైందోనని పరిగెత్తుకొచ్చేడు. గంగాభవాని వెళ్ళి భర్త తల మీద టోపీ సరిగ్గా పెట్టింది. నూతిలోంచి రెండుసార్లు తిరిగొచ్చిన టోపీ అది.

"చంద్రుడేడండీ?" అన్నారు సుగుణమ్మగారు. ఆవిడ కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

చూపించేరు. ఇంకా ఎర్రగానే ఉన్నాడు. ఇంకాసేపట్లో అంచు తెల్లబడాలి.

అప్పుడు కరెంటు పోయింది.

ఫ్యాను చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. బంగారరాజు వీరబాబుకి ఫోను చేస్తే, కరెంటు లైను తెగింది, సాయంత్రం దాకా ఆశలేదని కబురు. వచ్చేసరికి ఆట ఉండదు. ఆట లేకపోతే చంద్రుణ్ణి ఎవడు చూపిస్తాడు?

"విడుపు చూళ్ళేదు," అన్నారు సుగుణమ్మగారు.

"చూళ్ళేదండి," అంది గంగాభవాని, వీలైనంత విచారంగా.

"విడుపు చూడకుండా అమ్మాయి గుమ్మం దాటకూడదు."

"దాటకూడదండి."

బంగారరాజు లోపల బుగ్గ కొరుక్కున్నాడు. ఈవేళ మేజోళ్ళు గెలిచేరు, పిల్ల దక్కింది, ఒక మనిషికి ఒకే పొద్దుట ఇన్ని పంటలా అనుకున్నాడు. ఆటో అబ్బిని పంపించెయ్యడానికి జేబులో చెయ్యి పెట్టేడు.

సుగుణమ్మగారే గుమ్మం దాకా వెళ్ళి అతన్ని పిలిచేరు. మురమళ్ళ వెళ్ళి తన చీరలూ, మందుల డబ్బా, తలగడా తెచ్చిపెట్టమన్నారు. తలగడ మర్చిపోవద్దని రెండోసారి చెప్పేరు. తిరిగొచ్చి టీవీకెదురుగా చాప పరుచుకుని, దాని మీద కూర్చుని, కాళ్ళు చాపుకున్నారు.

"నా పడక ఇక్కడేనండి వదినగారూ. మళ్ళీ గ్రహణం ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు విడుస్తుందో. అందాకా అమ్మాయినీ, దీన్నీ నేనే చూసుకుంటాను."

చెయ్యి చాచి బంగారరాజు కుర్చీ మీదున్న రిమోటు తీసుకున్నారు. పైట చెంగు పరిచి, అందులో పెట్టి, గట్టిగా రెండు ముడులు వేసి, బొడ్లో దోపుకున్నారు.

గంగాభవాని మొగుడికేసి చూసింది. మొగుడు ముడికేసి చూసేడు.